కావలమ్మ పిడికిలి

మా మేనత్త పోయిందన్న కబురు నాకు బడిలో అందింది. శనివారం పొద్దున మూడో తరగతి పిల్లల చేత ఏడో ఎక్కం చెప్పిస్తున్నాను. మా బావ, అంటే ఆమె ఒక్కగానొక్క కొడుకు, కంభంలో రైలెక్కి వచ్చి, స్టేషన్లో జట్కా దొరక్క మార్కాపురం దాకా నడిచినట్టున్నాడు. మోకాళ్ళ దాకా దుమ్ము. గడప బయటే నిలబడి, "అమ్మ పోయింది పంతులూ" అన్నాడు.

ఎప్పుడని అడిగాను.

"నిన్న మద్దేన్నం. శుక్రారం గద, కావలమ్మ కాడికి పోయొచ్చింది. అరుగు మీద కూసోని నీళ్ళు తెమ్మన్నది. చెంబు తెచ్చేలోపలే అయిపోయింది. ఎండలకు పెట్టుకోలేక పోయినాము. పొద్దుగూకక ముందే తీసకపోయినాము. నువ్వేమనుకోవద్దు."

నేనేమనుకుంటాను. అనుకునే హక్కు ఉన్నవాణ్ణి కూడా కాను. వెనక పిల్లలు ఏడో ఎక్కం అయిపోయి మళ్ళీ మొదటికి వచ్చి చెప్తూనే ఉన్నారు. వాళ్ళు అట్లా చెప్తుండగానే కండువా తీసుకొని బావ వెంట బయలుదేరాను.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని ఇక్కడి మిత్రులు అడిగారు. ఆమె ఊరికి మేలు చేసిన మనిషి కాదు, సభల్లో కూర్చున్న మనిషీ కాదు. సంతకం కూడా రాదు. జొన్నచేనికి కావలి కాసేది, అంతే. కానీ పూర్వకాలంలో ఆడవాళ్ళు యుద్ధం చేశారా అని ఎవరైనా నన్ను అడిగితే నేను పుస్తకం తియ్యను. మా అత్త మాట చెప్తాను. అది చెప్తే తర్వాత నేను చేసిన పని కూడా చెప్పాలి. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆమె మా నాయనకు అక్క. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఆమె మెట్టిన ఊళ్ళో బడిపంతులు ఉద్యోగం దొరికింది. మూడేళ్ళు ఆమె ఇంట్లోనే ఉండి తిన్నాను. కొర్రన్నమో జొన్నసంగటో, ఏది వండినా నాకు పెట్టి, నేను లేచిన తర్వాత తినేది. పెట్టేటప్పుడు మాత్రం ఎగతాళి చెయ్యకుండా పెట్టేది కాదు. "తిను అల్లుడూ. అచ్చరాలకు బలం గావాల గద" అనేది. నా ఉద్యోగం ఆమెకు ఎప్పుడూ నవ్వులాటే. రోజంతా నీడన కూర్చొని అలిసిపోయానంటే ఆమె నమ్మేది కాదు.

ఆమె నడుము దగ్గర చీర మడతలో ఎప్పుడూ మూడు గులకరాళ్ళు ఉండేవి. వాగులో దిగిందంటే నీళ్ళ కంటే ముందు రాళ్ళు చూసేది. గుండ్రంగా, అరచేతిలో నిండుగా కూర్చునే రాయి కనపడితే తీసి, చీరకు తుడిచి, మడతలో వేసుకునేది. ఇంటి కిటికీ గూట్లో అట్లాంటివి ఒక కుప్ప ఉండేవి. అవన్నీ వడిసెలకు. జొన్న కంకి పాలు పోసుకున్న దగ్గర నుంచి కోత దాకా, పొద్దు పొడిస్తే మంచె ఎక్కేది. తాటినారతో పేనిన వడిసెలలో రాయి పెట్టి, రెండు చుట్లు తిప్పి, ఒక కొస వదిలేది. రాయి పోయిన చప్పుడు మనకు వినపడేసరికి చేను అవతలి కొసన పిట్టలన్నీ లేచిపోయేవి.

ఒక్క పిట్ట కూడా చచ్చేది కాదు. నేను ఒకసారి, "గురి తప్పిందే అత్తా" అన్నాను.

"పిట్టకు తగిల్తే గురి తప్పినట్టు" అన్నది. "నేను కొట్టింది దాని పక్కన ఉండే కంకిని."

నమ్మక మంచె దిగి వెళ్ళి చూశాను. ఒక కంకి మెడ విరిగి వేలాడుతోంది. తిరిగి వస్తే, "లెక్క సరిపోయిందా పంతులూ?" అని అడిగి, రోజంతా నవ్వింది.

ఆ చేని గట్టు మీదే కావలమ్మ ఉంది. నడుమెత్తు రాయి, పైన గుండ్రం. ఆ రాయికి పసుపు పూయడం మా అత్తవాళ్ళ ఇంటి కోడళ్ళ పని. శుక్రవారం శుక్రవారం ఆముదంలో కలిపిన పసుపు, మధ్యలో కుంకుమ. కడగకూడదు, గోకకూడదు. ఉన్నదాని మీదే పుయ్యాలి. ఎన్ని తరాల పసుపో, బెరడు కట్టి, నల్లబడి, గట్టిపడి, రాయి ఎక్కడుందో కూడా తెలిసేది కాదు. బయటి నుంచి వచ్చినవాళ్ళకు అది ఒక పసుపు ముద్ద. ఊరివాళ్ళకు ఒక గ్రామదేవత. మా అత్తకు మాత్రం అది ఒక మనిషి.

"దేవతేంది. మన మాదిరి ఆడమనిషే" అనేది. ఆ కథ ఆమె ఒక్కసారే మొత్తంగా చెప్పింది, మంచె మీద, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ. ఎప్పటి రాజో ఆమెకు తెలియదు. ఊరి మగవాళ్ళంతా ఆ రాజు దండులో ఎక్కడికో పోయి ఉన్నారు. అది తెలుసుకొని, కనుమ దిగి పరాయి దండు పశువులను తోలుకుపోవడానికి వచ్చింది. చేలల్లో కావలి ఉన్న ఆడవాళ్ళు మంచెల మీద నుంచి చూశారు. ఒకామె కేక వేసింది. ఆ కేకకు అన్ని మంచెల మీదా వడిసెలలు లేచాయి. పొద్దు నెత్తికొచ్చే దాకా కొట్లాడారు. గుర్రాలు రాళ్ళకు బెదిరి వెనక్కి తిరిగాయి. పశువులు దక్కాయి. కేక వేసినామెకు మాత్రం ఈటె తగిలింది. పడినచోటే ఆ రాయి నిలబెట్టారు.

"ఆమెకు కత్తి ఉండేదా అత్తా?" అని అడిగాను.

"ఊళ్ళో కత్తి ఉందో లేదో నాకేం తెల్సు. వడిసెల మాత్రం ప్రతి ఆడదాని కాడ ఉండేది. మగోళ్ళు యుద్ధానికి పోయినారని కతలు చెప్తారు. యుద్ధమే ఇంటికొస్తే ఎవురు కొట్లాడినారో చెప్పరు."

పాత రాజులకు ఆయుధాలు పట్టిన ఆడవాళ్ళు కావలి ఉండేవారనీ, కోటగోడల మీద నిలబడి పోరాడిన రాణులు ఉన్నారనీ నేను ఎక్కడెక్కడో చదివి ఉన్నాను. ఆ చదివిందంతా ఆమెకు చెప్పాను. శ్రద్ధగా విని, "రాణులు సరే. వాళ్ళకు అన్నం పంపించినోళ్ళు ఎవురంట?" అన్నది. పుస్తకంలో అది లేదు.

పసుపు కింద రాయి మీద ఆమె బొమ్మ చెక్కి ఉందని కూడా అత్త అన్నది. నీకెట్లా తెలుసని అడిగాను. కోడలుగా వచ్చిన మొదటి ఏడు వాళ్ళత్త తన చెయ్యి పట్టుకొని రాయి మీద పెట్టిందట. "ఇది తల. ఇది నడుము. ఇది ముందరికేసిన కాలు. ఇది పైకెత్తిన చెయ్యి. చేతిలో వడిసెల" అని వేళ్ళతో తడిమించి చెప్పిందట. అప్పటికే పసుపు మందంగా ఉండేది, కంటికి కనపడేది కాదు, వేలికి కొంచెం తెలిసేదట. నా చెయ్యి కూడా పట్టుకొని తడిమించింది. నాకు గరుకు తప్ప ఏమీ తెలియలేదు. "నీవి బలపం పట్టిన ఏళ్ళు" అని వదిలేసింది.

రెండో ఏడు వేసవిలో రోడ్ల ఓవర్సీరు ఒకాయన గొలుసులతో కొలిపిస్తూ ఊళ్ళోకి వచ్చాడు. కొత్త రోడ్డు పడుతుందన్నారు. గీత సరిగ్గా చేని గట్టు మీదుగా పోయింది. అడ్డంలో ఉన్న బండలూ రాళ్ళూ పగలగొట్టి రోడ్డుకే వాడతారని కూలీలు చెప్పుకున్నారు. మా అత్త ఆ రోజు అన్నం తినలేదు. "ఏమన్నా చెయ్యి అల్లుడూ. వాళ్ళ మాట నీకొస్తది గద" అన్నది. నన్ను ఆమె ఏదైనా అడగడం అదే మొదలు. అడిగింది కూడా అదొక్కటే.

నేను కూర్చొని అర్జీ రాశాను. ఇది సామాన్యమైన రాయి కాదు, కత్తి ధరించి యుద్ధంలో మరణించిన ప్రాచీన వీరవనిత శిల్పం అని రాశాను. చదివి వినిపిస్తే ఆమె నన్ను ఆపింది.

"కత్తేంది? వడిసెల అని రాయి."

"వడిసెల అంటే పిట్టల కావలి అనుకుంటారు అత్తా."

"పిట్టల కావలే గద."

"వాళ్ళకు అది గొప్పగా ఉండదు. కత్తి అంటే విలువిస్తారు. నిజానికి చేతిలో ఏముందో నువ్వు మాత్రం చూశావా?"

ఈ చివరి మాట నేను ఊరికే అన్నాను. తర్కంలో గెలవడానికి అన్నాను. ఆమె కాసేపు నా వైపు చూసి, "చూళ్ళేదు" అన్నది. అర్జీలో కత్తి అట్లాగే ఉండిపోయింది.

ఓవర్సీరు చెడ్డవాడు కాదు. అర్జీ చదివి, గట్టు దగ్గరికి నడిచి వచ్చి, రాయి చుట్టూ తిరిగాడు. "నాకు పసుపు ముద్ద కనపడుతున్నది మాష్టారూ. శిల్పం కనపడితే పైకి రాస్తాను. నాలుగు రోజుల్లో మళ్ళీ వస్తాను, చూపించండి" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

పసుపు తియ్యాలి. అత్తకు చెప్పాను. "వద్దురా. గోకగూడదని చెప్పినారు" అన్నది. చూపించకపోతే ముక్కలు చేస్తారని నేను, ఇన్ని తరాలుగా ఎవరూ చెయ్యలేదని ఆమె, పొద్దంతా వాదించుకున్నాం. చివరికి ఆమే తగ్గింది. "నీకు తెల్సు గద. సదువుకున్నోడివి. కానీ" అని, అవతలికి తిరిగి నిలబడింది.

ఇంకెవరైనా అయితే కుంకుడు రసంతో, వేణ్ణీళ్ళతో, మెల్లగా నానబెట్టి కడిగేవాళ్ళు. వారం పట్టినా బొమ్మ మిగిలేది. నేను మార్కాపురంవాణ్ణి. చదువుకునే రోజుల్లో సెలవులన్నీ బడిపలకలు చేసే షెడ్డులో పలకరాయి చీల్చినవాణ్ణి. ఉలి ఎక్కడ పెడితే పొర ఎక్కడ లేస్తుందో కళ్ళు మూసుకొని చెప్పగలనని నాకు గర్వం. ఆ బెరడును చూడగానే నాకు అది పొర మాదిరే కనపడింది. పలచని ఉలి తెచ్చి, పైఅంచున బెరడుకూ రాయికీ సందు వెతికి, సుత్తితో చిన్నగా తట్టాను. చక్కగా దిగింది. పక్కకు జరిపి మళ్ళీ తట్టాను. లోపల ఠప్పున విడిన చప్పుడు వచ్చింది. షెడ్డులో ఆ చప్పుడు వింటే సంతోషం. అప్పుడు కూడా సంతోషపడ్డాను.

ఒకే రేకుగా ఊడివచ్చింది. రాయి ఎత్తంతా ఉన్న రేకు. కానీ ఊడింది పసుపు కాదు. కావలమ్మ కూడా మా పలకరాయే. బొమ్మ వెనక రాయి పొర విడిపోయి, పసుపుతో సహా బొమ్మంతా నా చేతుల మీదికి ఒరిగింది. బరువు ఆపలేకపోయాను. గట్టు మీద పడి పగిలింది. వేలెడు మందం కూడా లేని పలకరాయి అంత ఎత్తు నుంచి పడితే ఏమవుతుందో నాకు తెలియనిది కాదు.

ముక్కలన్నీ ఏరాను. పసుపు అంటుకున్న చోట అంటుకొని, మిగతాది పొట్టు పొట్టుగా రాలిపోయింది. గుర్తుపట్టగలిగింది ఒకే ఒక ముక్క. తమలపాకంత ఉంది. దాని మీద ఒక పిడికిలి, ఎంత బాగా చెక్కారో, వేళ్ళ కణుపులు కూడా ఉన్నాయి. పిడికిలి పైన ఏదో మొదలవుతోంది. సరిగ్గా అక్కడే విరిగింది. కత్తి పిడి కావచ్చు. వడిసెల తాడు కావచ్చు. అర అంగుళం మిగిలినా తెలిసేది.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. మా అత్త వచ్చి పక్కన కూర్చుంది. నున్నగా, బోడిగా నిలబడి ఉన్న రాయిని చాలాసేపు చూసింది. తర్వాత ఆ ముక్క నా చేతిలో నుంచి తీసుకొని, వక్కాకు సంచిలో వేసుకుంది.

"ఏడవాకు. ఆమెకు తగిలిన దెబ్బల్లో నీదొకటి. అంతే" అన్నది.

తిట్టి ఉంటే బాగుండేది. నేను ఈ రోజుకీ అదే అనుకుంటాను.

ఓవర్సీరు చెప్పిన ప్రకారమే నాలుగో రోజు వచ్చాడు. బోడి రాయినీ, గోనెపట్టా మీద పేర్చిన ముక్కలనూ చూసి, అయ్యో అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీకు కబురు చేద్దామనుకున్నాను. వాగు దగ్గర ఇసుక లోతు ఎక్కువని గీత మార్చేశారు. రోడ్డు ఎగువ నుంచి పోతుంది" అన్నాడు. ఆ రోడ్డు ఇప్పుడు అట్లాగే ఉంది. కావలమ్మ గట్టు ముఖం కూడా చూడలేదు. నేను చేతులు కట్టుకొని ఇంట్లో కూర్చుని ఉంటే చాలు, అన్నీ ఉండేవి.

మూడో ఏడు గడిచాక నేనే అడిగి మార్కాపురం మార్పించుకున్నాను. ఆమె ముఖం చూడలేక అని అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. ఏటా కోతలయ్యాక బావ చేత జొన్నలు పంపేది. మూట విప్పితే మధ్యలో ఒక గులకరాయి ఉండేది, గుండ్రంగా, తుడిచినది. ఎందుకంటే బావ నవ్వి, "పంతులుకు కాయితాలు ఎగిరిపోకుండా అన్నది" అనేవాడు. పదకొండు రాళ్ళు నా బల్ల మీద ఉన్నాయి. ఈ కాగితం మీద కూడా ఒకటి ఉంది. వెళ్ళి చూసి రావాలని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. పండగకు పోతే గంట కూర్చొని వచ్చేసేవాణ్ణి. చేని వైపు పోయేవాణ్ణి కాదు. ఆమె కూడా రమ్మనలేదు.

ఈసారి పోయాను. ఇంట్లో అరుగు మీద ఆమె చెంబు ఇంకా అక్కడే ఉంది. బావ భార్య లోపలి నుంచి వక్కాకు సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది నీకే ఇమ్మనేది అన్నా" అన్నది. లోపల ఎండిన ఆకులు రెండు, ఆ పలకముక్క. పన్నెండేళ్ళు తడిమి తడిమి పిడికిలి అరిగిపోయింది. కణుపులు లేవు.

తర్వాత పసుపు గిన్నె పట్టుకొని, "కావలమ్మ కాడికి రా అన్నా, నీతో పనుంది" అని ముందు నడిచింది. మైలలో పోవచ్చా అంటే, "మన మనిషి కాడికి మైలేందన్నా" అన్నది. నేను వెనక నడిచాను.

దూరం నుంచే కనపడింది. బోడి రాయి బోడిగా లేదు. దాని మీద పసుపుతో గీసిన ఆడమనిషి ఉంది. అత్త వారం వారం వేలితో గీసిన గీత మీదే మళ్ళీ గీసి, మళ్ళీ గీసి, గీత గట్టు కట్టి పైకి లేచింది. తల ఉంది. నడుము ఉంది. ముందుకు వేసిన కాలు ఉంది. పైకెత్తిన చెయ్యి ఉంది, పిడికిలి ఉంది. పోయేముందు ఆమె పూసిన పసుపు ఇంకా కొత్తగానే ఉంది. కళ్ళు చూడని మనిషిని వేళ్ళు గుర్తుపెట్టుకున్నాయి.

పిడికిలి పైన ఏమీ లేదు. అక్కడ రాయి బోడిగానే ఉంది.

"నాకంతా చెయ్యి పట్టుకోని నేర్పించింది అన్నా" అన్నది బావ భార్య. "ఇది తల, ఇది నడుము, ఇది కాలు. చేతి కాడికొచ్చేసరికి ఆపేసేది. చేతిలో ఏందత్తా అంటే, 'నేను చూళ్ళేదమ్మా. పంతుల్ని అడుగు, ఆయన సదువుకున్నోడు' అనేది."

ఎగతాళిగా అన్నదా అని అడిగాను. అట్లా అయి ఉంటే బాగుండునని నాకు ఆశ.

"కాదన్నా. నిజంగానే."

చేతిలో వడిసెల అని అత్తకు తెలుసు. యాభై ఏళ్ళు తెలుసు. నేను ఊరికే అన్న ఒక్క మాటతో తెలియకుండా పోయింది. నేను పగలగొట్టింది ఒక్క రాయినే కాదు.

బావ భార్య పసుపు గిన్నె నా ముందు పట్టింది. "వడిసెల" అని చెబుదామనుకున్నాను. అత్త మాట అది, ఆమె అత్త మాట అది. కానీ అది నా నోట వస్తే తప్పు చేసినవాడు జాలితో చెప్పిన మాట అవుతుంది గాని, తెలిసి చెప్పిన మాట కాదు. వేలు పసుపులో ముంచి, పిడికిలి పైకి ఎత్తాను. నిటారుగా ఒక గీత గీస్తే కత్తి. వంచి వదిలితే వడిసెల. అవతల చేలో పిట్టలు దిగుతున్నాయి, మంచె మీద ఎవరూ లేరు.

"చెప్పన్నా, ఏం గియ్యాల?" అన్నది.

నా వేలి మీద పసుపు ఎండిపోతోంది.